వెలుగు లెక్క తేలాకే అచ్చు: లైట్లున్న అంతరిక్ష నౌకల నమూనాలు ఎలా తయారవుతాయి

శ్రీహరికోట ఉన్న జిల్లాలో రాకెట్ నమూనాలకు కొదవ ఉండదు. ఏటా ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం దగ్గర పడితే పీఎస్‌ఎల్‌వీలు, ల్యాండర్లు తయారు చేయాలని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఇప్పుడు ఇంకో కోరిక కూడా వినిపిస్తోంది. ఎక్కడా లేని, ఊహలోంచి పుట్టిన అంతరిక్ష నౌక కావాలి, దాని కిటికీల్లో దీపాలు వెలగాలి, ఇంజన్ ఎర్రబారి నీలంలోకి మారాలి, అలాంటివి ఒకటి కాదు పది కావాలి.

ఈ పని మీద తిరుపతిలో ముగ్గురిని అడిగితే మూడు సమాధానాలు వస్తాయి. ఫైబర్ బొమ్మలు చేసేవాళ్లు పాలియెస్టర్ రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోయమంటారు. ఎలక్ట్రికల్ షాపులో 12 వోల్టుల స్ట్రిప్ లైటు లోపల అంటించమంటారు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు అచ్చులెందుకు, పదీ ప్రింట్ చేసేద్దాం అంటారు. ఎవరి పనిలో వాళ్ల మాట నిజమే. ఆ మూడు సలహాలనూ ఒకే బొమ్మలో కలిపినప్పుడే తల ప్రాణం తోకకొస్తుంది: గోడలన్నీ లాంతరులా మెరుస్తాయి, కిటికీల రంధ్రాలు పూడుకుపోతాయి, మే నెలలో పైకప్పు వంగుతుంది. వీటిలో ఎక్కువ భాగం రెజిన్ తప్పూ కాదు, లైట్ల తప్పూ కాదు. ఏ వెలుగు ఎక్కడినుంచి రావాలో తేల్చకుండా అచ్చు పోసేయడం వల్ల వచ్చేవి.

మాస్టర్, అచ్చు, పోత

మొదట చేసే ఒకే ఒక్క నమూనా మాస్టర్. ప్లాస్టిక్ షీట్‌తో చేసినా, ప్రింట్ చేసినా, మాధవమాల వడ్రంగుల్లా చెక్క చెక్కినా అది మాస్టరే. దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోస్తే వచ్చేది అచ్చు. అందులో రెజిన్ పోసి తీసేది పోత. పంచలోహ విగ్రహాల పద్ధతి వేరు: అక్కడ మైనం కరిగిపోతుంది, మట్టి అచ్చును పగలగొడతారు, ప్రతి విగ్రహానికీ కొత్త మైనం, కొత్త మట్టి. సిలికాన్ సాగుతుంది కాబట్టి ఒకే అచ్చులోంచి పాతిక ముప్పై పోతలు తీయొచ్చు. కొంచెం లోపలికి వంగిన అంచులనుంచి కూడా, అంటే అండర్‌కట్‌ల నుంచి కూడా, చిరగకుండా బయటికి వస్తుంది. నౌక ఒంటి మీద పైపులు, పెట్టెలు, పలకలు చిన్నచిన్నవి అంటించి పెద్దదన్న భ్రమ కల్పిస్తారే, ఆ గ్రీబుల్స్ అన్నీ ఎక్కువగా అండర్‌కట్‌లే. వాటి కింద సందు వదలకుండా జిగురుతోనో పుట్టీతోనో పూడ్చకపోతే సిలికాన్ అక్కడికి దూరి, మొదటి పోతకే ముక్క తెగిపోతుంది.

మిల్లీమీటరు కిటికీ ఎన్ని అడుగులు?

లెక్కకు ఒక నౌకను తీసుకుందాం. పొడవు 20 సెంటీమీటర్లు, స్కేలు 1/1000. అంటే ‘నిజమైన’ నౌక 200 మీటర్లు. ఈ స్కేలులో 1 మిల్లీమీటరు అంటే ఒక మీటరు. మనిషి ఎత్తు 1.7 మిల్లీమీటర్లు. అంతస్తుకు 3 మీటర్లనుకుంటే కిటికీల వరుసల మధ్య 3 మిల్లీమీటర్లు మాత్రమే ఉండాలి.

ఇప్పుడు షాపులో దొరికే మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీని రెక్క కొసన పెట్టండి. అది 5 మీటర్ల బల్బు, అంటే ఒకటిన్నర అంతస్తుల ఎత్తున్న దీపం. నౌక ఆ క్షణంలోనే ఆటబొమ్మ అయిపోతుంది. అందుకే చిన్న స్కేళ్లలో ఎల్‌ఈడీని లోపల దాచి, వెలుగును ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్‌తో, అంటే వెలుగును మోసే సన్నటి తీగతో, బయటికి తెస్తారు. ఈ ఫైబర్ 0.25, 0.5, 0.75, 1 మిల్లీమీటరు మందాల్లో వస్తుంది. 1/1000 స్కేలులో 0.5 అంటే అరమీటరు కిటికీ, 0.25 అంటే గుండ్రటి చిన్న గవాక్షం. అదే నౌక 1/350లో అయితే 0.5 మిల్లీమీటరు కిటికీ 17.5 సెంటీమీటర్లే, మరీ చిన్నది. అక్కడ 1 మిల్లీమీటరు ఫైబర్‌కో, నిజంగా కోసిన కిటికీకో వెళ్లాలి.

వెలుగు మోతాదు కూడా స్కేలులో భాగమే. కిటికీలు కళ్లు చెదిరేలా వెలిగితే నౌక చిన్నదైపోతుంది. గదుల కిటికీలకు 2700–3000 కెల్విన్ పసుపు తెలుపు, ఇంజన్‌కు 6000 పైబడిన నీలి తెలుపు వాడి, కిటికీల్లో మూడో వంతును చీకటిగా వదిలేస్తే లోపల మనుషులున్నట్టు అనిపిస్తుంది. అన్నీ వెలిగించాలన్న ఆశను అణచుకోవడమే ఇక్కడ కష్టం.

అచ్చును శాసించే నాలుగు సంగతులు

మొదటిది రంధ్రాలు. అర మిల్లీమీటరు రంధ్రం మాస్టర్‌లో ఉంటే సిలికాన్ అందులోకి దూరి వెంట్రుకలాంటి సూది అవుతుంది. రెండో పోతకో మూడో పోతకో తెగి, ఆ ముక్క రెజిన్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి మాస్టర్ మీద రంధ్రం వేయకూడదు, సూదిమొనతో పావు మిల్లీమీటరు లోతు గుంట మాత్రం పెట్టాలి. ఆ గుంట ప్రతి పోతలోనూ వస్తుంది, డ్రిల్ బిట్ జారకుండా పట్టుకుంటుంది. రంధ్రం వేసేది పోత మీద, పిన్ వైస్ అనే చిన్న డ్రిల్‌తో, చేత్తో. నలభై కిటికీలకు నలభై రంధ్రాలు. విసుగే, కానీ దగ్గరి దారి లేదు. 2 మిల్లీమీటర్లు దాటిన కిటికీలనైతే అచ్చులోనే తెరిచి పోయొచ్చు. నౌకను డొల్లగా పోయడానికి వాడే లోపలి అచ్చు, బయటి అచ్చు అక్కడ తాకేలా చేస్తే పల్చటి పొర మాత్రమే మిగులుతుంది, బ్లేడుతో తీసేయొచ్చు.

రెండోది గోడ మందం. 3 మిల్లీమీటర్లు మంచి రాజీ. 1.5 కంటే తగ్గితే రెజిన్ మూలలకు చేరకముందే గడ్డకడుతుంది, 5 దాటితే లోపల వైరింగుకు చోటుండదు.

మూడోది వెలుగు కారడం. రంగు కలపని తెల్ల పాలీయురెథేన్, అంటే పీయూ రెజిన్, 3 మిల్లీమీటర్ల మందంలో కూడా వెలుగును దాటనిస్తుంది. గోడంతా మెరుస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. పోసేటప్పుడే రెజిన్ బరువులో ఒక శాతం దాకా నల్ల పిగ్మెంట్ కలపడం ఒకటి. అది పీయూకు సరిపడేదే అయి ఉండాలి. నీటి రంగు కలిపితే రెజిన్ నురగ కక్కుతుంది. పోత తీశాక లోపల నల్ల ప్రైమర్, దాని మీద వెండి లేదా తెలుపు కొట్టడం ఇంకొకటి. నలుపు వెలుగును ఆపుతుంది, వెండి దాన్ని వెనక్కి కొట్టి లోపల పంచుతుంది. వరుస తిరగేస్తే వెండి పని చేయదు. రెండూ చేయడమే మంచిది, ఎందుకంటే విడిగా పోసిన నౌక పై, కింది సగాలు కలిసే అతుకు దగ్గర పెయింట్ చెదిరి, సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది.

నాలుగోది తలుపు. మూసేసిన నౌకలో ఒక ఎల్‌ఈడీ పోతే కోసి తెరవాలి. అడుగున ఒక పలకను అయస్కాంతాలతో ఊడి వచ్చేలా మాస్టర్‌లోనే విడిగా చేయాలి. 3 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు చాలు. స్టాండు ఇత్తడి గొట్టమైతే వైర్లు దానిలోంచే దిగిపోతాయి, కావాలంటే గొట్టాన్నే మైనస్‌గా వాడొచ్చు.

వైరింగు అవసరం లేకుండా ఎల్‌ఈడీలను పారదర్శక రెజిన్‌లోనే ముంచి పోసేయాలనే వాదన కూడా ఉంది. చిన్న ఇంజన్లకు, షెల్ఫులో పెట్టి మరిచిపోయే బొమ్మలకు అది బాగుంటుంది: కదలదు, తేమ పట్టదు. ఐదు పదేళ్లు తిప్పాల్సిన ప్రదర్శన నమూనాకు మాత్రం బాగుచేయడానికి వీల్లేని ఆ పద్ధతి అసలుకే ఎసరు పెడుతుంది.

గట్టిపడని సిలికాన్: తప్పెవరిది?

సిలికాన్ రబ్బరు రెండు జాతులు. టిన్ రకంలో బరువులో 3–5 శాతం క్యాటలిస్ట్, అంటే గట్టిపరిచే రసాయనం, కలుపుతారు. డబ్బా మీద రాసిందే ప్రమాణం. ధర తక్కువ, దాదాపు దేని మీద పోసినా గట్టిపడుతుంది. ఏళ్లు గడిస్తే కుంచించుకుపోయి పెళుసెక్కుతుంది. తొందరగా గట్టిపడాలని క్యాటలిస్ట్ ఎక్కువ పోస్తే ఆ పెళుసుతనం ముందే వస్తుంది. ప్లాటినం రకం 1:1 లేదా 10:1గా కలుస్తుంది, కొలత నిలుపుకుంటుంది, ఎక్కువ కాలం ఉంటుంది, కానీ అలక ఎక్కువ. గంధకం ఉన్న క్లే, లేటెక్స్ చేతితొడుగు, టిన్ సిలికాన్ అంటిన బ్రష్, ఇవేవి తగిలినా ఆ మేరకు జిగటగానే ఉండిపోతుంది.

ఈ మధ్య ఎక్కువమందిని కలవరపెడుతున్నది ఇదే. మాస్టర్‌ను రెజిన్ త్రీడీ ప్రింటర్‌తో తీసి, ఖరీదైన ప్లాటినం సిలికాన్ పోస్తే, మర్నాటికి బయటంతా రబ్బరు, మాస్టర్‌ను తాకిన పొర మాత్రం పాయసం. ప్రింట్‌లో మిగిలిపోయిన గట్టిపడని రెజిన్ ప్లాటినాన్ని పనిచేయనివ్వదు. ప్రింట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, యూవీలో ఎక్కువసేపు ఉంచి, పైన అక్రిలిక్ క్లియర్ లాకర్ రెండు పూతలు వేస్తే చాలావరకు సరిపోతుంది. ‘చాలావరకు’ అనక తప్పదు. మూలలో ఒక చెంచాడు పోసి ఒక రోజు చూశాకే మిగతాది కలపాలి. ఆ ఆట వద్దనుకుంటే టిన్ రకమే వాడాలి. పది పదిహేను పోతలకు దాని వయసు చాలు.

ఎంత సిలికాన్, ఎంత రెజిన్

మన నౌక పై సగం 20 × 8 × 3 సెంటీమీటర్లు. చుట్టూ ఒక సెంటీమీటరు, పైన ఒకటిన్నర వదిలితే పెట్టె 22 × 10 × 4.5, అంటే 990 ఘన సెంటీమీటర్లు. మాస్టర్ కొసలు సన్నబడి ఉంటుంది కాబట్టి దాని ఘనపరిమాణం 290 అనుకుందాం. బయటి అచ్చుకు 700 మిగులుతుంది. సిలికాన్ సాంద్రత సుమారు 1.15. అంటే 800 గ్రాములు. బోలుగా పోయాలంటే లోపలి అచ్చు కూడా కావాలి. 3 మిల్లీమీటర్ల గోడకు సుమారు 75 ఘన సెంటీమీటర్లు పోగా లోపల 215, దాన్ని పట్టే సెంటీమీటరు మందం పలక 220, కలిపి 435, అంటే 500 గ్రాములు. పై సగానికే మొత్తం 1.3 కిలోలు. రెజిన్ మాత్రం ఆ 75 ఘన సెంటీమీటర్లకే, పోసే దారుల్లో మిగిలేదానితో కలిపి 95 గ్రాములు. కొత్తవాళ్లు రెజిన్ ధరకు భయపడతారు, ఖర్చంతా సిలికాన్‌లో ఉంటుంది.

వంకర ఆకారాల ఘనపరిమాణం తేల్చడానికి ఇంట్లో బియ్యం చాలు. మాస్టర్ ఉన్న పెట్టెలో, సిలికాన్ రావాల్సిన ఎత్తుదాకా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలజాడీలో కొలిస్తే ఎన్ని మిల్లీలీటర్ల సిలికాన్ కావాలో వచ్చేస్తుంది. తర్వాత మాస్టర్‌ను బ్రష్‌తో శుభ్రం చేయాలి, లేకపోతే తవుడు పొడి అచ్చులో పడుతుంది.

లోపలి, బయటి అచ్చులు అతుక్కోకుండా మధ్యలో వాజిలీన్ పల్చగా రాయాలి, లేదా రిలీజ్ స్ప్రే కొట్టాలి. సిలికాన్ ముఖ్యంగా సిలికాన్‌కే గట్టిగా అంటుకుంటుంది.

వానాకాలం ఒకరికి మేలు, ఒకరికి చేటు

తిరుపతి, చిత్తూరు వాతావరణం ఈ పనిని నేరుగా తాకుతుంది. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. టిన్ సిలికాన్ గట్టిపడటానికి తేమ కావాలి, అప్పుడు దానికి హాయి. పీయూకు తేమ విషం. అందులోని ఐసోసైనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పోత అంతా స్పాంజిలా ఉబ్బుతుంది. మూత తీసి వదిలేసిన డబ్బా, చెక్క పుల్లతో కలపడం, తడి ఆరని అచ్చు, ఏదైనా చాలు. ప్లాస్టిక్ లేదా స్టీలు పుల్ల వాడి, డబ్బా వెంటనే బిగించాలి. కొత్త టిన్ అచ్చు గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదులుతుంది. అది ఆరకముందే పీయూ పోస్తే పైపొర జిగటగా, బుడగలుగా వస్తుంది. తీశాక ఒక రోజు గాలికి వదలాలి, లేదా 60–65 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు వేడి చేయాలి.

ఎండాకాలం కథ వేరు. పీయూ డబ్బా మీద రాసిన పాట్ లైఫ్, అంటే కలిపాక పోయడానికి దొరికే సమయం, సాధారణంగా 25 డిగ్రీలకు. ప్రతి 10 డిగ్రీలకూ అది దాదాపు సగమవుతుంది. ఐదు నిమిషాల రెజిన్ 40 డిగ్రీల గదిలో రెండు నిమిషాలు కూడా ఇవ్వదు, కలిపేసరికే కప్పులో రాయి అవుతుంది. ఫ్రిజ్‌లో పెడదామంటే, బయటికి తీసి మూత తెరవగానే లోపల తేమ పడుతుంది, మళ్లీ నురగ. తెల్లవారుజామున పోయడమే మేలు.

పాలియెస్టర్ సంగతి. ఫైబర్ బొమ్మలవాళ్లకు చేతికి అలవాటైన సరుకు, చవక, పెద్ద విగ్రహాలకు దానికి సాటి లేదు. చిన్న నౌకలకు ఇబ్బంది ఏమిటంటే, గడ్డకట్టేటప్పుడు పీయూ కంటే బాగా కుంచించుకుపోతుంది, రెండు సగాలూ ఒకదానికొకటి కుదరవు. దానిలోని స్టైరీన్ సిలికాన్ అచ్చు ఆయుష్షు కూడా తగ్గిస్తుంది. వాడేవాళ్లు ఒకటి మరవకూడదు: గట్టిపడే వేగం పెంచే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటో పేలుడో ఖాయం.

బుడగలు తీయడానికి రెండు పనిముట్లున్నాయి. వ్యాక్యూమ్ సిలికాన్‌కు, ప్రెషర్ రెజిన్‌కు. వ్యాక్యూమ్‌లో సిలికాన్ మూడు నాలుగు రెట్లు పొంగుతుంది, గిన్నె అంత పెద్దది కావాలి. రెజిన్ బుడగలను నలిపేయడానికి 40 పీఎస్‌ఐ (పీడనం కొలత) దాకా పెడతారు. ఇంటి ప్రెషర్ కుక్కర్ సుమారు 15కే తయారైంది. దాన్ని వ్యాక్యూమ్‌కు వాడేవాళ్లున్నారు, కానీ 40 పీఎస్‌ఐ ఎక్కిస్తే అది బాంబే. దానికి పెయింటింగ్‌వాళ్లు వాడే ప్రెషర్ పాట్ కావాలి.

కరెంటు లెక్క

వినాయక చవితికి కొన్న సీరియల్ సెట్‌ను కత్తిరించి నౌకలో పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 230 వోల్టులకు నేరుగా తగిలించే సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్రతి బల్బు కాలూ మెయిన్స్‌కు కలిసే ఉంటుంది. ఇత్తడి స్టాండున్న బొమ్మలో అది ప్రాణాంతకం. 5 వోల్టుల మొబైల్ అడాప్టర్ సరిపోతుంది.

తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, ఎరుపు 2. పది మిల్లీఆంపియర్లు చాలనుకుంటే, కరెంటును అదుపు చేసే రెసిస్టర్ తెలుపుకు (5 − 3) ÷ 0.01 = 200 ఓములు. బజారులో దొరికేది 220, అప్పుడు 9 మిల్లీఆంపియర్లు. ఎరుపుకు 300 వస్తుంది, 330 వేయాలి. కిటికీలను ఇంకా మసకగా చేయాలంటే 1 కిలోఓమ్ పెట్టండి, 2 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. నాలుగు ఎల్‌ఈడీలకు కలిపి ఒకే రెసిస్టర్ వేస్తే కుదరదు. ఏ రెండు ఎల్‌ఈడీల వోల్టేజీ అచ్చంగా ఒకటి కాదు, తక్కువదున్నది ఎక్కువ కరెంటు లాక్కుని ముందు పోతుంది. ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్.

మన నౌకకు: నలభై కిటికీలు, పదేసి ఫైబర్ల కట్టకు ఒక ఎల్‌ఈడీ చొప్పున నాలుగు. ఇంజన్‌కు రెండు, ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, మెరుపు దీపం ఒకటి. మొత్తం తొమ్మిది, సుమారు 80 మిల్లీఆంపియర్లు. చిన్న కంట్రోలర్ ఇరవై తీసుకున్నా వంద. ఇక్కడే ఒక వింత: పవర్ బ్యాంక్ పెడితే కొన్ని నిమిషాలకు నౌక ఆరిపోతుంది. ఇంత తక్కువ కరెంటు చూసి చాలా పవర్ బ్యాంకులు ఫోన్ నిండిపోయిందనుకుని ఆపేస్తాయి. వైరింగులో తప్పు వెతకడం దండగ.

5050 రకం ఎల్‌ఈడీ స్ట్రిప్ మీటరుకు అరవై ఎల్‌ఈడీలుంటే 14 వాట్ల చుట్టూ తింటుంది. పాతిక సెంటీమీటర్లు మూసిన డొల్లలో పెడితే మూడున్నర వాట్ల వేడి బయటికి పోయే దారి లేదు. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో తీసిన ప్రింట్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మామూలు పీయూ కూడా దాన్ని మించి పెద్దగా ఓర్చుకోదు. బయటే 42 ఉన్న రోజున పైకప్పు ఎందుకు వంగిందో వేరే చెప్పక్కర్లేదు.

ఫైబర్ కట్టకు ఫెవిక్విక్ తరహా జిగురు వాడకూడదు, ఫైబర్ పెళుసెక్కి వంపు దగ్గర విరుగుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, లేదా ఐదు నిమిషాల ఎపాక్సీ నయం. 0.5 మిల్లీమీటరు ఫైబర్లు పది 2 మిల్లీమీటర్ల గొట్టంలో పడతాయి. వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టాన్ని వేడి చేస్తే లోపలి ఫైబర్లు కరుగుతాయి, జిగురుతోనే బిగించాలి. ఫైబర్లను బయటికి పొడుగ్గా వదిలి, పెయింట్ అయ్యాక గోడకు సమంగా కత్తిరించాలి. అప్పుడు మాస్కింగ్ పని తప్పుతుంది.

మెరుపుకు 555 చాలా, ప్రోగ్రామ్ కావాలా?

విమానాల మెరుపు దీపం నిమిషానికి 40 నుంచి 100 సార్లు వెలుగుతుంది. కళ్లకు అలవాటైన ఆ లయనే నౌకకూ ఇస్తే నమ్మకం కుదురుతుంది. సమయాన్ని లెక్కపెట్టే చిన్న చిప్ 555 ఐసీ. దాని మామూలు పద్ధతిలో వెలిగే సమయం ఆరే సమయం కంటే ఎప్పుడూ ఎక్కువ. మెరుపుకు అది తలకిందులు. కిటుకు చిన్నది: ఎల్‌ఈడీని మూడో పిన్నుకూ ప్లస్‌కూ మధ్య పెట్టాలి, అప్పుడు పిన్ కిందికి దిగినప్పుడే వెలుగుతుంది. పిన్ 7 నుంచి ప్లస్‌కు 120 కిలోఓములు, పిన్ 7కూ 6కూ మధ్య 10 కిలోఓములు, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్. వెలిగేది 0.693 × 10,000 × 0.00001 = 0.07 సెకను. ఆరి ఉండేది 0.693 × 1,30,000 × 0.00001 = 0.9 సెకను. నిమిషానికి 62 మెరుపులు.

దీనితో సరిపెట్టుకునేవాళ్ల వాదన బలమైనదే: ప్రోగ్రామ్ అక్కర్లేదు, భాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇంజన్ మెల్లగా పుంజుకోవాలి, కిటికీలు ఒక్కోటిగా వెలగాలి అంటే మాత్రం ఏటీటైనీ85 లేదా ఆర్డుయినో నానో లాంటి ప్రోగ్రామ్ రాయగల చిన్న కంట్రోలర్ల ముందు 555 నిలవదు. అక్కడా ఒక చిక్కుంది. వెలుగు విలువను 0 (ఆరినది) నుంచి 255 (పూర్తి వెలుగు) దాకా సమంగా పెంచితే ఇంజన్ మొదట్లోనే భగ్గుమని, తర్వాత మారనట్టు కనిపిస్తుంది. కన్ను వెలుగును సమంగా కొలవదు. విలువను వర్గం చేసి 255తో భాగించాలి: సగం వెలుగు అనిపించాలంటే 128 కాదు, 64. ఫోన్‌లో వీడియో తీస్తే నల్ల పట్టీలు కదలడం నానో సెకనుకు 490 సార్లు (490 హెర్ట్జ్) ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పడం వల్ల. 9, 10 పిన్నుల టైమర్‌ను, అంటే ఆ వేగాన్ని నడిపే లోపలి గడియారాన్ని, 31 కిలోహెర్ట్జ్‌కు మార్చితే పోతాయి. 5, 6 పిన్నుల టైమర్‌ను కదిపితే ప్రోగ్రామ్‌లోని సమయాలన్నీ చెడతాయి. కదలని కిటికీలకు ఈ గొడవే వద్దు, పెద్ద రెసిస్టర్ చాలు.

పదీ ప్రింట్ చేస్తే పోదా?

ఒకటి రెండు నౌకలకు ప్రింటింగే సరైనది. దిద్దుబాట్లు ఫైలులోనే చేయొచ్చు, కిలోలకొద్దీ సిలికాన్ ఖర్చు లేదు. పది కావాలంటే లెక్క మారుతుంది. ప్రతి ప్రింట్‌కూ పొరల గీతలు సాండ్‌పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్లీ రుద్దాలి. పోతలో ఆ శ్రమ మాస్టర్‌కు ఒక్కసారే. ఐదో ముక్క దగ్గర పోత గెలవడం మొదలవుతుందని చెప్పొచ్చు, అదీ చేసేవాళ్ల ఓపికను బట్టి. ఇంజన్ వెనక వెలుగును పరిచే పారదర్శక పలకలకు నా ఓటు పోతకే. ప్రింట్ పొరలు వెలుగులో గీతలుగా కనిపిస్తాయి. పలకకూ ఎల్‌ఈడీలకూ మధ్య దూరం, ఎల్‌ఈడీల మధ్య దూరానికి కనీసం సమానంగా ఉంటే చుక్కలు చుక్కలుగా మెరవదు.

ఇతరుల కిట్‌కు అచ్చు తీయడం

బజారులో కొన్న నమూనా కిట్ భాగాలకు సిలికాన్ పోసి అమ్మడం సాంకేతికంగా సులువు, చట్టప్రకారం చిక్కు. శిల్పం 1957 కాపీరైట్ చట్టం కింద కళాఖండమే. విరిగిన సొంత కిట్‌కు ఒక ముక్క పోసుకోవడంలో తప్పేముందని కొందరు అంటారు. ఆ ముక్క అమ్మకానికి పోదన్న హామీ ఏదని కిట్ తయారీదార్లు అడుగుతారు. సొంతంగా నౌక రూపొందించేవాళ్లు చూసుకోవాల్సింది అదే చట్టంలోని 15వ సెక్షన్: డిజైన్స్ చట్టం కింద నమోదుకు వీలున్న రూపాన్ని నమోదు చేయకుండా, యజమాని గానీ ఆయన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి నకళ్లు తీస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. ఫలానా నౌక కళాఖండమా, డిజైనా అన్నది కేసును బట్టి తేలుతుంది. నమోదు చేయాలనుకుంటే దరఖాస్తు ముందు, ఫొటోలు బయట పెట్టడం తర్వాత. ఒకసారి బయటపడ్డ రూపానికి 2000 నాటి డిజైన్స్ చట్టం కింద కొత్తదనం ఉండదు.